ఏడాదికి నాలుగు ట్రిప్పుల కోసం కారు కొనాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఒంగోలులో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 42,000 చేతికి వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, అమ్మ మందులు కలిపి 24,000, చీటీకి 10,000 పోతాయి. బ్యాంకులో 60,000 ఉంది. మూడు నెలలకోసారి శని, ఆదివారాలు ఒక్కదాన్నే కారేసుకుని కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, మైపాడు బీచ్‌లు చూసి రావాలని ఆశ. 2 లక్షల చీటీ ఇప్పుడే పాడేసి, 4 లక్షల లోన్ కలిపి పాత కారు కొననా? లేక ప్రతి ట్రిప్పుకూ క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దండి. ట్రిప్పుకు మాత్రం అద్దె కారులో వెళ్లండి, అది మీ జీతానికి మించిన కోరికేమీ కాదు. మించింది కారు.

4 లక్షలకు 13 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 9,100. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లకు నెలకు సగటున 2,500 వేసుకోండి. చీటీ పాడేసినంత మాత్రాన కట్టడం ఆగదు కదా, ఆ 10,000 అలాగే ఉంటుంది. ఇంటి ఖర్చుతో కలిపితే 45,600. జీతం 42,000. ఇంకా పెట్రోలు పోయించలేదు! పైగా ఇంత ముందే పాడితే 2 లక్షలూ చేతికి రావు. పోటీ ఎక్కువైతే ఎంత వదులుకోవాల్సి వస్తుందో మీకు తెలిసే ఉంటుంది.

సొంత కారైనా పెట్రోలు, టోలు, రూము, భోజనం తప్పవు. మిగిలేది కారు అద్దె ఒక్కటే. రోజుకు 2,000 అనుకుంటే నాలుగు ట్రిప్పులకు, అంటే ఎనిమిది రోజులకు, 16,000. ఆ 16,000 మిగుల్చుకోవడానికి ఏడాదికి 1,39,200 కడతారా? ఆఫీసుకో, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడానికో రోజూ కారు వాడేట్టయితే లెక్క వేరు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

ఒక ట్రిప్పుకు నా అంచనా ఇది. హైవే సముద్రం పక్కనే పోదు. ప్రతి బీచ్‌కూ లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావాలి, కాబట్టి రానూపోనూ 350 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకు 16 కిలోమీటర్లు, లీటరు 110 చొప్పున పెట్రోలుకు 2,400. అద్దె 4,000, టోళ్లకు 500, నెల్లూరులో ఒక రాత్రి రూము 1,800, తిండికి 1,200. మొత్తం పదివేల లోపు. చేపల పులుసు దగ్గర పొదుపు చేయమని నేను చెప్పను.

అద్దె కారు విషయంలో మాత్రం జాగ్రత్త. సెల్ఫ్ డ్రైవ్‌కు అనుమతి ఉన్న కారుకు నల్ల నంబర్ ప్లేటు, దాని మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెలిసినవాళ్ల ద్వారా తెల్ల ప్లేటు కారు ఐదొందలు తక్కువకు దొరుకుతుంది, నిజమే. కానీ సొంత వాడకానికి రిజిస్టరైన కారును అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు రిపేరు బిల్లు మీ మెడకు చుట్టుకుంటుంది. తాళం తీసుకునే ముందే డిపాజిట్ ఎంత, ఎప్పుడు వెనక్కి ఇస్తారో రాతలో తీసుకుని, కారు చుట్టూ వీడియో తీసుకోండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కారు పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమాని నడిపినప్పుడే వర్తిస్తుంది, అద్దెకు తీసుకున్నవాళ్లకు కాదు. మీ సంపాదన మీద అమ్మ ఆధారపడి ఉన్నారు కాబట్టి విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. ఈలోగా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి వానలు, తుపాన్ల కాలం. అప్పుడు వెళ్లాలనుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రూమే బుక్ చేయండి. జనవరి, ఫిబ్రవరి అయితే ఆ టెన్షన్ ఉండదు.

కార్డు ఈఎంఐ గురించి ఒక్క మాట: వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. పదివేలకు ఆ తంటా ఎందుకు?

ఇక డబ్బు ఎక్కడిదంటే, మీకు నెలకు 8,000 మిగులుతోంది. మీ దగ్గరున్న 60,000, నెలనెలా కట్టే చీటీని కూడా ఖర్చులో కలిపి చూస్తే రెండు నెలలకు కూడా చాలదు. అందుకని మొదటి ఏడాది రెండు ట్రిప్పులే కారులో పెట్టుకోండి. మిగతా రెండూ రైల్లో నెల్లూరు వెళ్లి అక్కడి నుంచి మైపాడుకు బస్సో ఆటోనో చూసుకోండి. రూముతో కలిపి 3,500లో అయిపోతుంది. జీతం పడ్డ రోజే ట్రిప్పుల కోసం 2,300 వేరే ఖాతాలోకి, మిగతా 5,700 అత్యవసర నిధిలోకి వేయండి. ఏడాది తిరిగేసరికి ఆ నిధి 1,28,000 దాటుతుంది.

చీటీ చివరి నెలల దాకా ఆగి తీసుకోండి. అప్పటికీ కారు కావాలనిపిస్తే, రోజూ దేనికి వాడతారో కూడా రాసి పంపండి. మూడేళ్లలో తీరిపోయే లోన్‌తో లెక్క కుదురుతుందేమో చూద్దాం.