రెండు కార్యాలయాలకు ఒకే డిప్లాయ్‌మెంట్ సర్వర్ సరిపోతుందా? సర్వర్ కంటే ముందు డీహెచ్‌సీపీ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు విషయం ఇది. వైట్‌ఫీల్డ్‌లో ప్రధాన కార్యాలయం, హోసూరులో శాఖ, మధ్యలో 100 ఎంబీపీఎస్ లింకు మీద నడిచే వీపీఎన్ ఉన్నాయి. రెండు చోట్లా కలిపి రెండు వందల దాకా సిస్టమ్‌లు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం విండోస్ 11, మిగిలినవి ఉబుంటు. సిస్టమ్‌లకు ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఫైర్‌వాల్ మీదే నడుస్తోంది. వైట్‌ఫీల్డ్‌లో ఒక డిప్లాయ్‌మెంట్ సర్వర్ (నెట్‌వర్క్ మీదుగా ఓఎస్ ఎక్కించేది) పెట్టి, పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగే అవసరం లేకుండా రెండు చోట్లకూ ఓఎస్ ఎక్కించవచ్చా, అందుకు మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూడీఎస్ మేలా, ఉచితంగా దొరికే ఫాగ్ మేలా అని అడిగారు. బెంగళూరులో ఇలాంటి ఏర్పాటునే కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను: నిర్వహణ ఒకే చోట ఉండవచ్చు, కానీ ఫైళ్లు మాత్రం ప్రతి శాఖలోనూ ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఆ తరువాతి మాట.

ముందుగా డీహెచ్‌సీపీ. సిస్టమ్ నెట్‌వర్క్ నుంచి బూట్ కావడానికి ప్రయత్నించినప్పుడు అది పంపే మొదటి ప్యాకెట్టు మామూలు డీహెచ్‌సీపీ బ్రాడ్‌కాస్టే (నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్లేది). అయితే అందులో ఆప్షన్ 60 (సంఖ్యతో పిలిచే ఒక గడి) ద్వారా తాను పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ బూట్ పద్ధతి) క్లయింటునని, ఆప్షన్ 93 ద్వారా తనది ఏ తరహా ఫర్మ్‌వేరో (ఓఎస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) కూడా చెబుతుంది. పాత బయోస్ అయితే 0, దాని స్థానంలో వచ్చిన 64 బిట్ల యూఈఎఫ్‌ఐ అయితే సాధారణంగా 7 అన్న విలువ వస్తుంది. ఈ రెండింటికీ ఇవ్వవలసిన బూట్ ఫైళ్లు వేరు. ఫైర్‌వాల్ తెరలో కనబడే ఆప్షన్ 66లో సర్వర్ చిరునామా, ఆప్షన్ 67లో ఫైల్ పేరు రాసేస్తే పని తేలికగా అయిపోయినట్టు కనిపిస్తుంది గాని, అక్కడ రాసిన ఒకే పేరు అన్ని సిస్టమ్‌లకూ వెళ్తుంది కాబట్టి, అది యూఈఎఫ్‌ఐ ఫైల్ అయితే స్టోర్‌రూమ్‌లో మిగిలిన పాత డెస్క్‌టాప్ ఆగిపోతుంది, బయోస్ ఫైల్ అయితే కొత్త ల్యాప్‌టాప్‌లన్నీ ఆగిపోతాయి. మైక్రోసాఫ్ట్ కూడా ఈ ఆప్షన్ల పద్ధతిని కాకుండా రిలే పద్ధతినే (క్లయింటు అభ్యర్థనను సర్వర్‌కు చేరవేయడం) సిఫార్సు చేస్తుంది.

బ్రాడ్‌కాస్ట్ రౌటర్‌ను దాటదు కాబట్టి, క్లయింట్లు ఉన్న ప్రతి వీల్యాన్‌కూ (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగం) లేయర్ 3 స్విచ్ (రౌటింగ్ చేయగల స్విచ్) మీద ఐపీ హెల్పర్ చిరునామాగా (అభ్యర్థనను చేరవేయవలసిన చోటు) డిప్లాయ్‌మెంట్ సర్వర్‌ను చేర్చాలి. ఐపీ చిరునామాను ఎప్పటిలాగే డీహెచ్‌సీపీ సర్వర్ ఇస్తుంది, బూట్ వివరాలను మన సర్వర్ ఇస్తుంది, క్లయింటు రెండింటినీ కలుపుకుంటుంది. మీకు ఎదురయ్యే చిక్కు ఎక్కడంటే, చాలా ఫైర్‌వాల్‌లు ఒక ఇంటర్‌ఫేస్ మీద తామే డీహెచ్‌సీపీ సర్వర్‌గా ఉంటే అదే ఇంటర్‌ఫేస్ మీద రిలేగా పనిచేయవు. మీ వీల్యాన్‌ల గేట్‌వే స్విచ్ కాక ఫైర్‌వాలే అయితే, హెల్పర్ పెట్టే చోటే ఉండదు. అలాంటప్పుడు ఆ వీల్యాన్‌లోనే చిన్న లైనక్స్ బాక్సు పెట్టి డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రాక్సీ డీహెచ్‌సీపీగా నడపడమే నాకు తెలిసినంతలో శుభ్రమైన దారి. అది ఎవరికీ ఐపీ ఇవ్వదు, బూట్ సమాచారం మాత్రమే ఇస్తుంది, కాబట్టి ఫైర్‌వాల్‌ను చూసుకునే వారు కూడా పెద్దగా అభ్యంతరం చెప్పరు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. బెళ్ళందూరు కార్యాలయంలో ఇదే ఏర్పాటు చేసిన రోజు, సర్వర్ లాగ్ (పని నమోదు)లో అంతా బాగానే ఉన్నా ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం ‘పీఎక్స్‌ఈ-ఈ53, బూట్ ఫైల్ పేరు అందలేదు’ అన్న సందేశమే మళ్లీ మళ్లీ వచ్చింది. నెట్‌వర్క్ విభాగంలో పనిచేసే నెల్లూరు కుర్రాడు సర్వర్ వైపు ఒకటి, క్లయింటు పోర్టును మిర్రర్ చేసి ఒకటి, రెండు వైర్‌షార్క్‌లు (ప్యాకెట్టులను చూపే సాధనం) పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, “అన్నా, నీ ఆఫర్ సర్వర్ నుంచి బయలుదేరుతోంది గానీ ఇక్కడికి చేరట్లేదు, మధ్యలో స్విచ్చే మింగేస్తోంది” అన్నాడు. కారణం డీహెచ్‌సీపీ స్నూపింగ్. నమ్మకమైనదిగా గుర్తించని పోర్టు నుంచి వచ్చే డీహెచ్‌సీపీ ఆఫర్‌ను (సర్వర్ జవాబును) స్విచ్ పడేస్తుంది, ప్రాక్సీ ఆఫర్‌కూ అదే గతి పడుతుంది. సర్వర్ ఉన్న పోర్టును ట్రస్టెడ్‌గా మార్చగానే మెనూ వచ్చింది. మీ స్విచ్‌లలో స్నూపింగ్ ఉందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. అదే పనిగా, యూజర్ పోర్టులలో స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే పద్ధతి) పోర్ట్‌ఫాస్ట్ (పోర్టును వెంటనే తెరిచే సెట్టింగు) ఉందో లేదో కూడా చూడండి. అది లేని పాత తరహా స్పానింగ్ ట్రీలో పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, ఈలోగా కొన్ని ఫర్మ్‌వేర్‌లు విసిగి డిస్క్ వైపు వెళ్లిపోతాయి.

ఇక హోసూరు శాఖకు వైట్‌ఫీల్డ్ నుంచే నేరుగా ఎందుకు పంపకూడదన్నది. పీఎక్స్‌ఈ బూట్ ఫైళ్లను తెచ్చే టీఎఫ్‌టీపీ 1992 నాటి ఆర్ఎఫ్‌సీ 1350 ప్రకారం 512 బైట్ల ముక్క ఒకటి పంపి, దానికి రసీదు వచ్చేదాకా ఆగి, ఆ తరువాతే రెండో ముక్క పంపుతుంది. ఒకే స్విచ్ మీద ఉన్నప్పుడు ఈ ఆగడం తెలియదు. వీపీఎన్ మీద రానుపోను 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. విండోస్ ఇన్‌స్టాలర్ బూట్ అయ్యే 400 ఎంబీల బూట్.విమ్ ఫైల్ 8,19,200 ముక్కలవుతుంది, అంటే లింకు ఎంత వెడల్పుగా ఉన్నా రెండు గంటల పదహారు నిమిషాలు. బ్లాక్ సైజును 1468 బైట్లకు పెంచినా ముప్పావు గంట దాటుతుంది. ఒక్క రసీదుకు పలు ముక్కలు పంపనిచ్చే విండో సైజు ఆప్షన్‌ను రెండు వైపులా సమర్థించే సర్వర్, క్లయింటు ఉంటే కొంత నయమే గాని, ప్రతి ఫర్మ్‌వేర్ దాన్ని ఒప్పుకుంటుందన్న భరోసా లేదు. పైగా బ్లాక్ పెంచితే ఇంకో ఇబ్బంది ఉంది: వీపీఎన్ వాడే ఐపీసెక్ టన్నెల్ తన హెడర్ల కోసం కొంత చోటు తీసుకుంటుంది కాబట్టి 1468 బైట్ల ప్యాకెట్టు రెండుగా విరుగుతుంది, విరిగిన యూడీపీ ముక్కలను ఏదో ఒక ఫైర్‌వాల్ పడేస్తుంది, తెర మీద ఫైల్ పేరు కనబడి అక్కడే నిలిచిపోతుంది. డీఎన్ఎస్‌మాస్క్‌లో టీఎఫ్‌టీపీ ఎంటీయూ (ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం) అన్న సెట్టింగు ఈ అవసరానికే ఉంది.

ఒకవేళ టీఎఫ్‌టీపీని దాటి హెచ్‌టీటీపీ మీదకు వెళ్లినా, లింకు సామర్థ్యం మారదు. 5 జీబీల విండోస్ ఇమేజ్ (సిద్ధం చేసిన డిస్క్ నకలు) 100 ఎంబీపీఎస్ లింకును పూర్తిగా వాడుకుంటే ఒక్కో సిస్టమ్‌కు దాదాపు ఏడు నిమిషాలు. ఇరవై సిస్టమ్‌లకు రెండు గంటల పైమాటే, ఆ రెండు గంటలూ హోసూరు వాళ్ల మెయిల్, కాల్స్ అన్నీ నత్తనడక నడుస్తాయి. అందుకే హోసూరులో ఒక చిన్న బాక్సు పెట్టండి. దానికి సర్వర్ గ్రేడ్ హార్డ్‌వేర్ ఏమీ అక్కర్లేదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరికే వాడిన మినీ పీసీ ఒకటి, అందులో 16 జీబీ ర్యామ్, ఒక టీబీ ఎస్ఎస్‌డీ, గిగాబిట్ పోర్టు ఉంటే చాలు, యూపీఎస్ మీద పెడితే మరీ మంచిది. ఇమేజ్‌లు వైట్‌ఫీల్డ్ నుంచి రాత్రిపూట బ్యాండ్‌విడ్త్ పరిమితితో దానికి చేరితే, పగలు ఎక్కించే పనంతా హోసూరు స్విచ్ దాటి బయటికి రాదు.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి డబ్ల్యూడీఎస్‌ను నేను సూచించను. విండోస్ 11 ఇన్‌స్టాలేషన్ మీడియాలో వచ్చే బూట్.విమ్‌తో డబ్ల్యూడీఎస్ పద్ధతిలో సెటప్ నడపడాన్ని మైక్రోసాఫ్టే ఆపేసింది. మనం తయారుచేసుకున్న విన్‌పీఈ (ఇన్‌స్టాల్ పనులకు వాడే చిన్న విండోస్) ఇమేజ్‌ను బూట్ చేయడానికి అది ఇంకా పనికొస్తుంది, కానీ అంతమాత్రానికి ఒక విండోస్ సర్వర్ లైసెన్సు ఎందుకు? మీకు ఉబుంటు కూడా ఉంది కాబట్టి ఫాగ్ సరిపోతుంది. వైట్‌ఫీల్డ్‌లో ప్రధాన సర్వర్, హోసూరులో స్టోరేజ్ నోడ్ (ఇమేజ్‌లు దాచే బాక్సు) పెట్టి, లొకేషన్ ప్లగిన్‌తో ఏ సిస్టమ్ ఏ నోడ్ నుంచి తీసుకోవాలో చెప్పవచ్చు. ప్రధాన నోడ్‌లోని ఇమేజ్‌లను ఫాగే మిగతా నోడ్‌కు నకలు చేస్తుంది. ఇమేజ్‌లో మాత్రం ఓఎస్, అప్‌డేట్లు తప్ప మరేమీ పెట్టకండి. ఆఫీస్, యాంటీవైరస్, అకౌంట్స్ వారి సాఫ్ట్‌వేర్ అన్నీ ఎక్కించిన బరువైన ఇమేజ్ మూడు నెలలకే పాతబడుతుంది, ప్రతిసారీ మొత్తం మళ్లీ తయారుచేయాలి. విండోస్ ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్‌లో జనరలైజ్ చేయడం (ఆ సిస్టమ్‌కే చెందిన గుర్తింపులు తీసేయడం) తప్పనిసరి.

ఉబుంటుకు ఇమేజ్ కూడా అవసరం లేదని నా అభిప్రాయం. 20.04 నుంచి సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఆటోఇన్‌స్టాల్ ఉంది. సమాధానాల ఫైల్‌ను హెచ్‌టీటీపీ మీద పెట్టి, కెర్నల్ లైనులో దాని చిరునామా ఇస్తే అదే ఎక్కించుకుంటుంది. గ్రబ్ (ఉబుంటు బూట్ లోడర్) మెనూలో ఆ చిరునామా రాసేటప్పుడు మధ్యలో వచ్చే సెమీకోలన్‌కు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేకపోతే గ్రబ్ అక్కడితో ఆదేశం ముగిసిందనుకుంటుంది, ఇన్‌స్టాలర్ మిమ్మల్ని భాష ఏదని అడుగుతూ కూర్చుంటుంది. నెట్‌వర్క్ బూట్‌లో ఐఎస్‌ఓ మొత్తాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకునే పద్ధతి వాడితే, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లు ఇబ్బంది పెడతాయి.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ఫైళ్లనే బూట్ చేసే ఏర్పాటు) గురించి ముందే ఒక నిర్ణయానికి రండి. మనం సొంతంగా కంపైల్ చేసిన ఐపీఎక్స్‌ఈ (పీఎక్స్‌ఈకి మెరుగైన బూట్ ప్రోగ్రామ్) ఫైల్‌ను సెక్యూర్ బూట్ ఉన్న సిస్టమ్ ఒప్పుకోదు. ఇన్‌స్టాల్ చేసేంతసేపు దాన్ని ఆపి, తరువాత మళ్లీ పెట్టవచ్చు. కానీ ఆ మార్పు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) మొదలవకముందే జరిగిపోవాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయ్యాక మారిస్తే, మరుసటి బూట్‌లో అది రికవరీ కీ అడుగుతుంది. రెండు వందల సిస్టమ్‌ల దగ్గరా బయోస్‌లోకి వెళ్లి ఇది చేయడం నిజంగా విసుగు పుట్టించే పని, అందుకే తయారీదారు ఇచ్చే బయోస్ సెట్టింగుల సాధనం ఉంటే దాన్ని వాడుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకొకటి తరచూ ఎదురవుతుంది. విన్‌పీఈ చక్కగా బూట్ అవుతుంది, నెట్‌వర్క్ కూడా దొరుకుతుంది, తీరా చూస్తే డిస్కే కనబడదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా మోడళ్లలో వీఎండీ (డిస్క్‌లను నియంత్రించే ఇంటెల్ ఏర్పాటు) ఆన్ చేసి వస్తుంది. దానికి కావలసిన ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను బూట్.విమ్‌లో చేర్చాలి, లేదా బయోస్‌లో వీఎండీని ఆపాలి. విన్‌పీఈలో నెట్‌వర్క్, స్టోరేజ్ డ్రైవర్లు మాత్రమే చేర్చండి, తక్కినవన్నీ ఓఎస్ వచ్చాక మోడల్ వారీగా ఎక్కించుకోవచ్చు. నెట్‌వర్క్ పోర్టు లేని పలచని ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ డాంగిల్ వాడతారు కదా, ఒకే డాంగిల్‌తో పది ల్యాప్‌టాప్‌లు చేస్తే ఫాగ్ వాటన్నింటినీ ఒకే మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) చిరునామాగా గుర్తుపెట్టుకుంటుంది. బయోస్‌లో మ్యాక్ పాస్‌త్రూ (డాంగిల్‌కు బదులు ల్యాప్‌టాప్ సొంత మ్యాక్ చూపేది) ఉంటే దాన్ని ఆన్ చేయండి.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, మెనూ వచ్చిందన్న సంబరంలో భద్రతను వదిలేయకండి. పీఎక్స్‌ఈలో గుర్తింపు అడిగే పద్ధతి ఏదీ లేదు, ఎవరు కేబుల్ పెట్టినా మెనూ వస్తుంది. విండోస్ సెటప్‌కు సమాధానాలిచ్చే అన్‌అటెండ్ ఫైల్‌లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ గజిబిజిగా కనబడినా అది బేస్64 (ఎన్‌క్రిప్షన్ కాని ఎన్‌కోడింగ్) మాత్రమే, ఎవరైనా క్షణంలో విప్పగలరు. కాబట్టి రెండు కార్యాలయాల్లోనూ ఓఎస్ ఎక్కించడానికి వేరే వీల్యాన్ ఒకటి కేటాయించి, దాన్ని ఐటీ గదిలోని కొన్ని పోర్టులకే పరిమితం చేయండి. అలా చేస్తే ఫైర్‌వాల్ డీహెచ్‌సీపీతో వచ్చే పేచీ కూడా చాలావరకు తీరిపోతుంది, ఎందుకంటే ఆ వీల్యాన్‌కు డీహెచ్‌సీపీని మీ సర్వరే ఇచ్చుకోవచ్చు. మెనూలో కాలవ్యవధి ముగిస్తే లోకల్ డిస్క్ నుంచే బూట్ అయ్యేలా చూసుకోండి.

మీ వీల్యాన్‌ల గేట్‌వే స్విచ్ మీద ఉందా, ఫైర్‌వాల్ మీద ఉందా, హోసూరులోని స్విచ్ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగల) రకమేనా అన్నది కింద రాయండి. దాన్ని బట్టి డీఎన్ఎస్‌మాస్క్ ఫైల్ ఎలా ఉండాలో వరుసలతో సహా ఇస్తాను.