రాయి పడింది కాలి మీద, సంతకం పడింది స్టాంపు పేపరు మీద

ప్రశ్న: సార్, మాది చిత్తూరు పక్క పల్లె. మా ఆయనకు 35 ఏళ్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని, నెలకు 16,000 జీతం. 2025 మార్చిలో లారీలోంచి స్లాబులు దించుతుంటే రెండు ఒరిగి కాలి మీద పడ్డాయి. మోకాలి కింద ఎముక నుజ్జయింది, రాడ్డు వేశారు, ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. ఓనరు ఆస్పత్రికి 40,000 కట్టి, 'ఇకపై నాకే సంబంధమూ లేదు' అని స్టాంపు పేపరు మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఉండేది ఎనిమిది మంది, ఈఎస్ఐ లేదు. 'నీ మొగుడే అడ్డం పోయాడు' అంటున్నాడు. ఇంకేమీ రాదా సార్?

జవాబు: వస్తుందమ్మా. ముందు ఆ స్టాంపు పేపరు సంగతి. దాన్ని చూసి మీరు ఇన్నాళ్లూ భయపడి ఊరుకున్నారు కదా, అది చెల్లదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమైనా రద్దే, వంద రూపాయల స్టాంపు మీద రాసినా, ఊరి పెద్దల ముందు రాసినా. ఆస్పత్రికి కట్టిన 40,000 కూడా వైద్యం ఖర్చే తప్ప పరిహారం కిందికి రాదు, అందులోంచి కోసుకోవడానికి లేదు.

ఇక 'అడ్డం పోయాడు' అన్న మాట. ఇది నేను ముప్పై ఏళ్లుగా వింటున్నా, ఒక్క ఓనరు కూడా వేరే మాట అనలేదు! అజాగ్రత్తగా ఉన్నాడన్నది పరిహారం ఎగ్గొట్టడానికి కారణం కాదు. తాగి ఉన్నాడనో, రక్షణ కోసం పెట్టిన దాన్ని కావాలనే తీసేశాడనో ఓనరు రుజువు చేయగలిగితే ఇబ్బంది, అంతేగానీ 'చూసుకోలేదు' అంటే కుదరదు.

ఎంత వస్తుందంటే, జీతం 16,000 అయినా 2020 నుంచి ఉన్న పరిమితి ప్రకారం 15,000 వరకే లెక్కేస్తారు. అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని 35 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న 197.06తో గుణిస్తే 17,73,540 అవుతుంది. ఇది పనికి పూర్తిగా పనికిరాకుండా పోయినవాడికి. మీ ఆయనకు సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందని డాక్టరు రాస్తే అందులో 30 శాతం, అంటే 5,32,062. ఆ శాతం ఎంతన్నదే మొత్తం గొడవ, కాబట్టి ఎముకల డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు 'కాలు ఎంత వంగుతోంది' అన్న దగ్గరే ఆగకుండా, బరువు మోయగలడా, గంటల తరబడి నిలబడగలడా అని కూడా రాయమనండి.

గడువు రెండేళ్లు. అంటే 2027 మార్చి లోపు పరిహారం కేసు వేయాలి, చివరి నెల దాకా ఆగొద్దు. 2025 నవంబరు 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కదా, పాత చట్టం పోయింది కదా అని ఎవరైనా బెదిరిస్తే, మీ ప్రమాదం అంతకుముందుదని చెప్పండి. చిత్తూరులో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. లాయరు ఫీజు టెన్షన్ వద్దు, కోర్టులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకూ ఫ్యాక్టరీ కార్మికులకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, జీతం ఫోన్‌పేలో వేసి ఉంటే ఆ ఎంట్రీలు, మేస్త్రీ పెట్టిన వాట్సాప్ మెసేజులు, ఏదీ పారేయకండి. మీ ఆయన అక్కడ పనిచేయనే లేదని ఓనరు అంటాడు చూడండి, అప్పుడు ఇవే అక్కరకొస్తాయి.

ప్రశ్న: అన్నా, మాది కుప్పం. మా మేస్త్రీ 'స్లాబు కదిలితే నలుగురూ ఎగబడి పట్టుకోండిరా, పగిలితే జీతంలో కోస్తా' అంటాడు. పట్టుకోకపోతే ఎట్లా?

జవాబు: పట్టుకోవద్దు తమ్ముడూ. పగలనీ. పది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న స్లాబు ఒక్కటే 300 కిలోల దాకా తూగుతుంది. అది ఒరగడం మొదలయ్యాక నలుగురు కాదు, ఎనిమిది మంది ఆపలేరు. పైగా ఒకటి ఒరిగితే దాని వెనకవీ కలిసి వస్తాయి, ఆ సంగతి పైన చెల్లెలి ఉత్తరంలోనే ఉంది.

స్లాబు పడేది గాలికి కాదు. స్లాబులను రెండు పక్కలా వాల్చి నిలబెట్టే స్టాండు ఉంటుంది కదా, దానికి ఒకవైపు స్లాబులన్నీ దించేసి రెండోవైపు అట్లాగే ఉంచితే బరువు ఒకే పక్కకు లాగుతుంది. లారీ కాస్త ఎగుడుదిగుడుగా ఆగితే స్టాండు వాలు తగ్గి స్లాబు దాదాపు నిటారుగా నిలుస్తుంది, అప్పుడు ఒక చిన్న కుదుపు చాలు. క్రేన్ బెల్టు తగిలించకముందే కట్టు విప్పడం ఇంకో తప్పు, నేను చూసిన వాటిల్లో ఎక్కువ ఇట్లాగే జరిగాయి. కాబట్టి లారీ చదునైన చోట ఆగాలి, అటొకటి ఇటొకటి దించాలి, బెల్టు బిగిశాకే కట్టు విప్పాలి. మనిషి ఎప్పుడూ స్లాబు అంచు పక్కన నిలబడాలి, అది పడే వైపుకు పోనేకూడదు, రెండు స్టాండ్ల మధ్య సందులోకి అసలే వద్దు. బెల్టు అంచు పీచులు లేచిందంటే పక్కన పారేయమనండి. జీతంలో కోస్తానన్న మేస్త్రీ మాట ఫోన్లో రికార్డు చేసి పెట్టుకో, ఎందుకైనా మంచిది.

ప్రశ్న: దామలచెరువు నుంచి రాస్తున్నా. మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీకి కాంట్రాక్టరు ద్వారా పనికి పోయా. డ్రమ్ము దొర్లి పాదం నలిగింది. 'రెండు నెలల కూలివి, నీకేం పరిహారం' అంటున్నారు.

జవాబు: గుజ్జు నింపిన డ్రమ్ము ఒక్కోటి రెండు వందల కిలోలు దాటుతుంది, అది రెండు నెలల కూలీని చూసి మెల్లగా దొర్లదు కదండీ! రెండు నెలలైనా రెండు రోజులైనా పరిహారం ఇవ్వాల్సిందే. కాంట్రాక్టరు తప్పించుకుంటే ఫ్యాక్టరీ యజమానినే అడగొచ్చు, ఆయన కట్టి తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడు. పాత చట్టంలోనూ ఇదే, కొత్త కోడ్‌లోనూ ఇదే.

ప్రశ్న: గాజులమండ్యంలో మా తోటి కుర్రాడికి గొలుసులో పడి వేలు తెగింది. తెగిన వేలిని నేరుగా ఐసులో వేసి తీసుకుపోయాం. డాక్టరు తిట్టాడు. ఏం తప్పు చేశాం?

జవాబు: ఐసు నేరుగా తగిలితే కండ గడ్డకట్టి పాడవుతుంది, మళ్లీ అతికించడం కష్టం. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు నీళ్లలో ఉంచాలి. చేతికి గుడ్డ గట్టిగా ఒత్తిపట్టి పైకెత్తి ఉంచండి. మీరు తెలియక చేశారు, బాధపడొద్దు. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి టీ తాగేచోట గోడకు అంటించండి.