చిన్న పిల్లలతో ఇంట్లో కుటుంబ ప్రార్థన, వాక్య పఠనం ఎలా జరుపుకోవాలి?

తొమ్మిదేళ్ల బాబు కుటుంబ ప్రార్థన అనగానే విసుక్కుంటున్నాడని, నాలుగేళ్ల పాప కుదురుగా కూర్చోవడం లేదని, పాటలు, ఒక అధ్యాయం పఠనం, తండ్రి చెప్పే సందేశం, అందరి ప్రార్థన కలిపి ముప్పావు గంట పడుతోందని, కొన్నాళ్లు సాగిన తరువాత ఆగిపోతోందని మీరు రాశారు. మీ భర్త రాత్రి విధులకు వెళ్లే వారాల్లో అసలు జరగడమే లేదని కూడా చెప్పారు. ముగ్గురు పిల్లలను ఇంట్లో వాక్యంతో పెంచి, ఇప్పుడు వారు పెద్దవారు కావడం చూస్తున్న తల్లిగా నా అభిప్రాయం చెబుతాను. మీ ఇంట్లో శ్రద్ధకు కొరత లేదు. ఆ ముప్పావు గంటలో మీ పిల్లలు నోరు విప్పి ఒక మాట అడిగే అవకాశం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఈ విషయంలో మనమందరం మొదట చూసే వాక్యం ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో ఉంది: "నీవు నీ కుమారులకు వాటిని అభ్యసింపజేసి, నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." అయితే అదే అధ్యాయం చివర, 20వ వచనంలో, కుమారుడు తండ్రిని అడిగే సందర్భం వస్తుంది. ఈ శాసనాలు, ఈ కట్టడలు ఏమిటని బిడ్డ అడిగినప్పుడు ఏమి చెప్పాలో దేవుడు అక్కడ నేర్పిస్తున్నాడు. ఆ జవాబు ఉపదేశంగా కాక, మేము ఐగుప్తులో ఫరోకు దాసులమై ఉన్నప్పుడు ప్రభువు మమ్మల్ని విడిపించాడనే సొంత కథగా మొదలవుతుంది. నిర్గమకాండము 12వ అధ్యాయంలో ఆ విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ ఆచరణను నియమించినప్పుడు కూడా పిల్లలు దీని భావమేమని అడుగుతారన్న మాట ముందే ఉంది. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నది నడుమ నుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టించింది, రాబోయే తరాల పిల్లలు చూసి ఇవి ఎందుకని అడగాలనే. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నప్పుడు వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడని లూకా రాశాడు. కాబట్టి పిల్లవాడి ప్రశ్న కుటుంబ ఆరాధనకు అడ్డు తగలదు; లేఖనం చూపే పద్ధతిలో బోధ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

అందుచేత ముందుగా సమయాన్ని బాగా తగ్గించమని నా సలహా. ఒక పాట, ఒకే ఒక సంఘటన ఉన్న చిన్న వాక్యభాగం, కొంత సంభాషణ, క్లుప్తమైన ప్రార్థన చాలు. ఇదంతా పదిహేను నిమిషాలలో ముగియాలి; పిల్లలు ఏదైనా అడిగితే మాత్రం ఎంతసేపైనా కూర్చోవాలి. సమయం పెరిగితే అది వారి ఆసక్తి వల్ల పెరగాలి. మీ భర్త ఇచ్చే సందేశాన్ని ఈ వయసు పిల్లలున్నంత కాలం పక్కన పెట్టమని చెప్పడం కఠినంగా అనిపించవచ్చు, కానీ ఆయన చెప్పదలచుకున్న సత్యాలన్నీ పిల్లల ప్రశ్నలకు జవాబులుగా చెప్పడానికి వీలుంటుంది, అప్పుడవి ఎక్కువ కాలం గుర్తుంటాయి.

ఏమి చదవాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ రోజు ఇక్కడ ఒక వచనం, రేపు మరోచోట ఒక వచనం చదివితే పిల్లలకు బైబిలు విడివిడి సూక్తుల సంకలనంలా కనిపిస్తుంది. ఒక పుస్తకాన్ని ఎంచుకుని మొదటి నుండి చివరి వరకు వరుసగా చదవండి. మేము మార్కు సువార్తతో ఆరంభించాము. నాలుగు సువార్తలలో అదే చిన్నది, 16 అధ్యాయాలు. సంఘటనలు వెంటవెంటనే వస్తాయి కనుక చిన్నవారి ధ్యాస చెదరదు. రోజుకు ఒక సంఘటన చొప్పున నిదానంగా చదివినా కొన్ని నెలలలో పూర్తవుతుంది. ఆ తరువాత ఆదికాండము, నిర్గమకాండములో సీనాయి పర్వతం వరకు, తరువాత నాలుగేసి అధ్యాయాలే ఉన్న రూతు, యోనా గ్రంథాలు చదవవచ్చు. న్యాయాధిపతుల గ్రంథంలోని చివరి అధ్యాయాల వంటివి పిల్లలు ఎదిగేవరకు ఆపవచ్చు. కష్టమైన మాటలున్న వచనాన్ని ఉన్నది ఉన్నట్టు చదివి, వెంటనే మీ ఇంటి మాటల్లో మరొకసారి చెప్పండి.

చదివిన వెంటనే నీతి చెప్పాలన్న తొందర మనందరికీ ఉంటుంది. దావీదు, గొల్యాతు కథ ముగియగానే "నువ్వు కూడా ధైర్యంగా ఉండాలి" అంటాము. కానీ 1 సమూయేలు 17వ అధ్యాయంలో దావీదే, యుద్ధం యెహోవాదేనని ఆ ఫిలిష్తీయుడి ఎదుట ప్రకటిస్తున్నాడు. కథలో దేవుడు ఏమి చేశాడో పిల్లలు చూడకముందే మనం వారి ప్రవర్తన వైపు మళ్లిస్తే, బైబిలు అంతా తమను సరిదిద్దడానికే రాశారని వారు అనుకుంటారు. మీ బాబు విసుగుకు ఇదొక కారణమై ఉండవచ్చు. దానికి బదులు "ఇందులో నీకు వింతగా అనిపించినది ఏమిటి?" అని అడిగి, వారు ఆలోచించుకునే వరకు ఓపికగా ఆగండి. పరీక్షలో అడిగినట్టు "యేసు ఏ ఊరు వెళ్లాడు?" వంటి ప్రశ్నలే వరుసగా అడిగితే జవాబు తెలిసిన పిల్లవాడు మాత్రమే మాట్లాడతాడు.

మా ఇంట్లో జరిగిన ఒక సంభాషణ చెబుతాను. మార్కు 2వ అధ్యాయంలో నలుగురు మనుషులు పక్షవాయువు గలవాడిని ఇంటి కప్పు విప్పి యేసు ఎదుట దించిన సంగతి చదివినప్పుడు, మా చిన్నవాడు ఆ కప్పును తరువాత ఎవరు బాగుచేశారని అడిగాడు. ఆ సంగతి అక్కడ రాయలేదని చెప్పి, మరి ఏమి రాసి ఉందో చూద్దామని మళ్లీ చదివించాను. అప్పుడు మా పెద్దమ్మాయి, నడవలేని మనిషిని తీసుకువస్తే యేసు ముందు పాపాలు క్షమించానని ఎందుకు అన్నాడు, అతడు అడిగింది అది కాదు కదా అంది. అక్కడ కూర్చున్న శాస్త్రుల మనసులో పుట్టిన అభ్యంతరం, దానికి ప్రభువు ఇచ్చిన సమాధానం, ఆ తరువాత జరిగిన స్వస్థత, అన్నీ ఆ ఒక్క ప్రశ్నను అనుసరించి మేము చదువుకున్నాము. కప్పు గురించిన ప్రశ్నను చిలిపితనమని కొట్టిపారేసి ఉంటే రెండో ప్రశ్న వచ్చేది కాదని నేను నమ్ముతున్నాను. కొన్నిసార్లు నాకు జవాబు తెలియని ప్రశ్నలు వచ్చేవి. వాటిని ఒక నోటుపుస్తకంలో పిల్లల చేతనే రాయించి, తెలుసుకుని చెప్పేదాన్ని. మాట ఇచ్చినట్టు తిరిగి వచ్చి చెప్పడం చాలా ముఖ్యం, ఎందుకంటే తమ ప్రశ్నను అమ్మ మరచిపోలేదని చూసిన బిడ్డ తరువాతి ప్రశ్నను దాచుకోదు.

నాలుగేళ్ల పాప విషయంలో ఎక్కువ ఆందోళన అవసరం లేదు. ఆ వయసు పిల్లలు చేతులతో ఏదో ఒకటి చేస్తూనే వింటారు. బొమ్మ గీసుకోనివ్వండి, పాట ఎంచుకోవడం, పుస్తకం తెచ్చి ఇవ్వడం ఆమె పని చేయండి. శబ్దం చేయకుండా ఉంటే చాలు, కదలకుండా ఉండాలన్న నియమం పెట్టవద్దు.

కంఠత వాక్యాలు తప్పక నేర్పించండి, అయితే పోటీ, బహుమతి లేకుండా. చిన్న భాగాలతో మొదలుపెడితే పిల్లలు ఇష్టంగా నేర్చుకుంటారు: 117వ కీర్తనలో రెండే వచనాలు, 100వ కీర్తనలో అయిదు, 23వ కీర్తనలో ఆరు. వీటితోపాటు ప్రశ్న, జవాబు రూపంలో ఉన్న పాత బోధినులు నాకు ఎంతో ఉపయోగపడ్డాయి. 1529లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ తన చిన్న ప్రశ్నోత్తర బోధినిని ఇంటి పెద్ద తన ఇంటివారికి సులువుగా నేర్పాలన్న ఉద్దేశంతోనే రాశారు. సంఘాలను సందర్శించినప్పుడు ప్రజలకు ప్రాథమిక విషయాలు కూడా తెలియకపోవడం ఆయనను కలచివేసింది. 1563 నాటి హైడెల్‌బర్గ్ బోధినిలోని 129 ప్రశ్నలను ఏడాదిలో నేర్పడానికి వీలుగా 52 ఆదివారాలకు పంచారు. మేము దానిలో కొన్ని ప్రశ్నలనే నేర్చుకున్నాము. అందులో మొదటిది, బ్రతుకులోను చావులోను నీకున్న ఏకైక ఆదరణ ఏమిటన్నది. నేను నా సొత్తు కాదు, శరీరంతోను ఆత్మతోను నా నమ్మకమైన రక్షకుడైన యేసుక్రీస్తు సొత్తునన్న భావంతో దాని జవాబు మొదలవుతుంది.

ఈ మాట విలువ మా ఇంటికి ఒక మరణంతో తెలిసింది. మా అత్తగారు జబ్బుపడినప్పుడు పిల్లలు ప్రతి రాత్రి ఆమె స్వస్థత కోసం ప్రార్థించారు. ఆమె కన్నుమూసిన తరువాత మా రెండో అమ్మాయి, దేవుడు వినకపోతే ఎందుకు అడగాలని నిలదీసింది. ఆ దుఃఖాన్ని వెంటనే సర్దిచెప్పడానికి నాకు మనసొప్పలేదు. నన్ను ఎన్నాళ్లు మరచిపోతావని దావీదు దేవుణ్ణే అడిగిన 13వ కీర్తనను ఆ వారమంతా చదువుకున్నాము. ఇలా కూడా దేవునితో మాట్లాడవచ్చా అని ఆమె ఆశ్చర్యపోయింది. తరువాత ఆ బోధినిలోని మొదటి జవాబును తనంతట తానే ఎత్తి, అయితే నానమ్మ చనిపోయినా ఆయన సొత్తేనా అని అడిగింది. అర్థం కాకముందే నేర్చుకున్న మాటలు అవసరమైన రోజున బిడ్డకు అందుబాటులో ఉంటాయని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

ప్రార్థన గురించి ఒక హెచ్చరిక. "ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ కలిగించు, అబద్ధాలాడకుండా కాపాడు" అని పిల్లవాడు వింటుండగా ప్రార్థించడం, నిజానికి దేవుని సన్నిధిలో వాడిని మందలించడమే అవుతుంది. తండ్రులారా, పిల్లలకు కోపం రేపక ప్రభువు శిక్షలోను బోధలోను పెంచండని పౌలు ఎఫెసీయులకు రాసిన హితవు ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. దిద్దుబాటును వేరే సమయానికి ఉంచి, కుటుంబ ప్రార్థనలో పిల్లల గురించి కృతజ్ఞతలు చెప్పండి, వారి భయాలను, స్నేహితుల పేర్లను ప్రభువు ఎదుట పెట్టండి. పిల్లలు ఒకే ఒక్క వాక్యం ప్రార్థించినా దాన్ని పొడిగించమని బలవంతపెట్టవద్దు.

భర్త ఇంట్లో లేని రాత్రులలో మీరే నడిపించండి, ఆపవద్దు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది; తిమోతికి రాసిన రెండవ పత్రికలో అతని విశ్వాసం గురించి చెప్పినప్పుడు పౌలు పేర్కొన్నది అవ్వ లోయిని, తల్లి యునీకేను. తిమోతి బాల్యం నుండే పరిశుద్ధ లేఖనాలను ఎరిగినవాడని ఆ పత్రికలోనే ఉంది. వీలైతే మీ ఆయన పని మొదలయ్యే ముందు ఫోన్‌లో ఆ రోజు పిల్లలు అడిగిన ప్రశ్నను విని జవాబివ్వవచ్చు. ఇంటికి దూరంగా ఉన్న తండ్రి బోధలో పాలుపొందడానికి అదొక మంచి మార్గం.

మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే వాటిని పూడ్చడానికి రెట్టింపు చదవవలసిన పని లేదు, ఆగిన చోటు నుండే కొనసాగించండి.

ఇక మీ బాబు రానని మొండికేస్తే ఏమి చేయాలని అడిగారు. రావడం ఇంటి క్రమమని ప్రేమతో, స్థిరంగా చెప్పండి. పాడాలని, బిగ్గరగా ప్రార్థించాలని మాత్రం నిర్బంధించకండి. వాక్యభాగాన్ని చదివే బాధ్యతను వారంలో రెండు రోజులు అతనికే అప్పగించి, ఆ రోజు ప్రశ్న అడిగే హక్కు కూడా అతనికే ఇవ్వండి. మొదట అతడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలనే కఠినమైన ప్రశ్న తేవచ్చు. దాన్ని నిజమైన ప్రశ్నగానే తీసుకుని, లేఖనం తెరిచి అతనితో కలిసి వెతకండి.