కారులో పోలీసు స్కానర్... అనుమతి ఏది?

ప్రశ్న: న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో హెచ్‌-1బి వీసాపై పనిచేస్తున్నాను. నిరుడు మంచు తుపానులో నా భార్య, పాప రాత్రంతా హైవేపై చిక్కుకుపోయారు. ఆ భయంతో కారులో రేడియో స్కానర్, పైకప్పుపై మాగ్నెట్‌తో అంటుకునే యాంటెన్నా పెట్టించాను. వెనక లైటు వెలగడం లేదని ఆపిన పోలీసులు స్కానర్ చూసి కోర్టు టికెట్ ఇచ్చారు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేయమంటున్నాడు మిత్రుడు. ఇకపై అద్దానికి లోపల అంటించే యాంటెన్నా వాడితే ఇబ్బంది ఉండదా?

జవాబు: ఈ కేసును తేల్చేది మంచు తుపాను కాదు. వాహన, ట్రాఫిక్ చట్టం 397వ సెక్షన్ ప్రకారం, పోలీసు ఫ్రీక్వెన్సీలను అందుకోగల రిసీవర్‌ను కారులో అమర్చే ముందే స్థానిక ప్రభుత్వం నుంచి అనుమతి పొందాలి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. పరికరం బిగించే ముందు స్థానిక ప్రభుత్వ కార్యాలయానికి ఒక్క ఫోను చేయకపోవడం నిర్లక్ష్యం. ఇప్పుడు తెచ్చుకున్న అనుమతి నాటి తప్పును మాఫీ చేయదు. శిక్ష 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

వాతావరణ హెచ్చరికలే విన్నానన్న వాదన నిలవదు. చట్టం చూసేది పరికరానికి ఉన్న సామర్థ్యాన్ని. పైకప్పుపై యాంటెన్నా, లోపలికి లాగిన కేబుల్, కారు బ్యాటరీ నుంచి కరెంటు, ఇవన్నీ కారులో ‘అమర్చారు’ అనడానికి ప్రాసిక్యూషన్ చూపే సాక్ష్యాలు. అద్దం లోపలి యాంటెన్నా కూడా అమరికే. దాచిపెట్టారన్న అనుమానం అదనంగా వస్తుంది. అమెచ్యూర్ (హాబీగా నడిపే) రేడియో లైసెన్సు తెచ్చుకుంటే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1993లో రక్షణ ఇచ్చింది అమెచ్యూర్ల ట్రాన్స్‌సీవర్లకు, అంటే వినడానికీ మాట్లాడడానికీ పనికొచ్చే సెట్లకు. మీది వినడానికే పనికొచ్చే స్కానర్.

మిత్రుడి సలహా అసలు పాటించవద్దు! ఇది చలానా కాదు, మిస్‌డిమీనర్ తరగతి (ఫెలనీ కంటే చిన్నదైన) క్రిమినల్ నేరం. ఒప్పుకుంటే నేర నిర్ధారణ అవుతుంది. గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తుల్లో దాని గురించి రాయాల్సి వస్తుంది. భయపడి స్కానర్‌లోని ఛానళ్లను చెరిపేయకండి. సాక్ష్యాన్ని తారుమారు చేయడం ఇంకా పెద్ద నేరం, ఫెలనీ. అమరికను ఉన్నది ఉన్నట్లు ఫొటోలు తీసి, తర్వాత కారులోంచి తీసి భద్రపరచండి.

నేరారోపణకు ఉన్న రెండేళ్ల గడువు మీకు ఉపయోగపడదు, టికెట్ ఇప్పటికే ఇచ్చేశారు. లెక్కపెట్టాల్సింది మరొకటి: మీరు మొదటిసారి కోర్టుకు హాజరైన రోజు నుంచి 90 రోజుల్లో ప్రాసిక్యూషన్ విచారణకు సిద్ధం కావాలి. కొన్ని రోజులకు మినహాయింపు ఉంటుంది, ఆ లెక్క మీ లాయరు చూస్తారు. వాయిదా మాత్రం తప్పవద్దు, వారంటు వస్తుంది.

ముందు క్రిమినల్ లాయరును, వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. నేరం ఒప్పుకోకుండా, క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 170.55వ సెక్షన్ కింద కేసును వాయిదా వేయమని కోర్టును కోరమనండి. ప్రాసిక్యూటర్ అంగీకరించి, ఆరు నెలలు ఏ చిక్కూ లేకుండా గడిస్తే కేసు కొట్టేస్తారు. అప్పుడైనా దరఖాస్తుల్లో అడిగితే దాచవద్దు. స్కానర్ ఇంట్లో పెట్టుకోండి, 397 వర్తించేది వాహనానికే. కారుకు 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వాతావరణ ప్రసారాలు మాత్రమే పట్టే రిసీవర్ కొనండి. రోడ్ల పరిస్థితికి బయల్దేరే ముందు 511కు ఫోను చేయండి.