డెల్టిక్ మోడల్ కొనండి, కానీ ఒక్కటే

ప్రశ్న: యార్క్‌లో ఉంటున్నాను. బ్రిటిష్ రైల్ క్లాస్ 55 డెల్టిక్ డీజిల్ ఇంజన్ ఓఓ గేజ్ (అసలు సైజులో 76వ వంతు) మోడల్, సౌండ్‌తో, 260 పౌండ్లకు దొరుకుతోంది. మూడు కొని ఒకటి నడుపుకొని, రెండు సీల్ తీయకుండా దాచితే అయిదేళ్లలో రేటు రెట్టింపవుతుందని స్నేహితుడు అంటున్నాడు. ఇంట్లో ఇంకా పట్టాలు, కంట్రోలర్ ఏమీ లేవు. నెల ఖర్చు 2,300 పౌండ్లు పోను 350 మిగులుతాయి. బ్యాంకులో 2,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 900 బాకీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఒకటి కొనండి. ఆ డబ్బును ఖర్చు కిందే రాసుకోండి. దాచడానికి కొనే ఆ రెండూ వద్దు.

లెక్క చూడండి. 260 పౌండ్లు 4 శాతం వడ్డీకి వేస్తే అయిదేళ్లకు సుమారు 316 అవుతాయి. మోడల్‌ను వేలంలో అమ్మితే కమీషన్ 20 శాతం అనుకుందాం. చేతికి 316 రావాలంటే అది 395కు అమ్ముడుపోవాలి. అంటే ధర సగానికి పైగా పెరిగితే తప్ప బ్యాంకు వడ్డీతో సమానం కాదు. 320కి అమ్ముడుపోతే మీకు వచ్చేది 256, పెట్టిన దానికన్నా తక్కువ.

అసలు డెల్టిక్‌లు 22 మాత్రమే. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ 1961-62లో తయారుచేసింది, చివరివి 1982 జనవరి మొదట్లో సర్వీసు నుంచి తప్పుకున్నాయి. వాటి సంఖ్య ఇక పెరగదు. మోడళ్ల సంగతి అలా కాదు. ఇదే ఇంజన్‌ను హార్న్‌బీ డబ్లో, లీమా, బాక్‌మన్, ఆక్యురాస్కేల్ వేర్వేరు కాలాల్లో చేశాయి. ఇంకో సంస్థ ఇంకా మంచి మోడల్ తెచ్చిన రోజు పాతదాని ధర పడిపోతుంది. ‘లిమిటెడ్ ఎడిషన్’ అంటే చాలాసార్లు ఆ నంబరు, ఆ రంగు వరకే పరిమితం. అదే అచ్చుతో మరో నంబరు వేసి మళ్లీ తీసుకురావడానికి అడ్డేమీ ఉండదు.

సీల్ తీయని పెట్టెలో ఇంకో ప్రమాదం ఉంది. ఛాసిస్‌ను మజాక్ అనే జింకు మిశ్రమంతో పోత పోస్తారు. అందులో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలినుంచే దెబ్బతింటూ వస్తుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. 2000ల దశకం మధ్యలో వచ్చిన కొన్ని హార్న్‌బీ క్లాస్ 31 మోడళ్లకు ఇదే జరిగింది. దీన్ని బాగుచేయలేం, ఛాసిస్ మార్చాల్సిందే. పెట్టె తెరవకపోతే తెలియదు, తెరిస్తే సీల్ పోతుంది. పాత సరుకు కొనేటప్పుడు మాత్రం ఛాసిస్ అడుగున స్టీలు స్కేలు ఆనించి వంపు ఉందేమో చూడండి. చివర్లలో వెంట్రుకవాసి పగుళ్లు, బూడిద రంగు పొడి కనిపిస్తే వదిలేయండి.

ఇక 260 దగ్గర ఖర్చు ఆగదు. సౌండ్ మోడల్ మామూలు డీసీ కంట్రోలర్ మీద కదులుతుంది కానీ హారన్, లైట్ల బటన్లు వాడుకోవాలంటే డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపే) కంట్రోలర్ కావాలి. దానికి 180 అనుకోండి. పట్టాలు, చెక్క బల్ల కలిపి 150. నాలుగు బోగీలు ఒక్కోటి 60 చొప్పున 240. మొత్తం 830. సౌండ్ లేనిది కొంటే తగ్గుతుంది, నిజమే. కానీ ఒక్కోటి 18 సిలిండర్లున్న నేపియర్ ఇంజన్లు రెండు కలిసి మోగే ఆ హోరు లేకుండా డెల్టిక్ ఎందుకు? సౌండ్‌దే తీసుకోండి.

పట్టాలు కొనేటప్పుడు ఫస్ట్ రేడియస్ వంపులు, అంటే 371 మిల్లీమీటర్లవి, తీసుకోకండి. ఈ మోడల్ సుమారు 278 మిల్లీమీటర్ల పొడవు, ముందూ వెనకా మూడేసి ఇరుసులు. అంత బిగువు వంపులో పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. 438 మిల్లీమీటర్ల సెకండ్ రేడియస్ కనీసం ఉండాలి, స్థలం ఉంటే 505 ఇంకా మేలు.

మీ 350ని ఇలా పంచండి. కార్డుకు 250, ఎమర్జెన్సీ ఫండ్‌కు 50, రైలుకు 50. నాలుగో నెలలో కార్డు తీరిపోతుంది. ఆ తర్వాత ఫండ్‌కు నెలకు 300 వెళ్తే, బ్యాంకులోని 2,000తో కలిపి మరో 16 నెలల్లో మూడు నెలల ఖర్చుకు సరిపడా 6,900 జమ అవుతుంది. రైలు వాటా మాత్రం 50 దగ్గరే ఉంచండి. అది ఆపేస్తే మళ్లీ కార్డు గీకేస్తారు.

కొనే వరుస ముఖ్యం. ముందు కంట్రోలర్, పట్టాలు. అవి ఏడో నెలలో వస్తాయి. పన్నెండో నెలలో ఇంజన్. బోగీలు ఆ తర్వాత. ఎందుకంటే లోపం ఉన్న వస్తువును రిపేరు జోలికి పోకుండా నేరుగా వెనక్కిచ్చి పూర్తి డబ్బు తీసుకునే హక్కు 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం 30 రోజులే ఉంటుంది. పట్టాలు లేకుండా ఇంజన్ తెచ్చుకుంటే పరీక్షించేలోపే గడువు దాటిపోతుంది. ఈలోగా స్టాక్ అయిపోతుందని భయమైతే కొనేసి, దగ్గర్లోని మోడల్ రైల్వే క్లబ్బులో నడిపించి చూడండి.

ప్రీ-ఆర్డర్ ఇస్తే సరుకు పంపేటప్పుడే డబ్బు తీసుకునే షాపును ఎంచుకోండి. అడ్వాన్సు తప్పనిసరైతే క్రెడిట్ కార్డుతో నేరుగా కట్టండి. వస్తువు ధర 100 పౌండ్లు దాటితే, 10 పౌండ్లే కార్డు మీద కట్టినా, 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద మొత్తం ధరకు కార్డు సంస్థ కూడా బాధ్యత వహిస్తుంది. మధ్యలో వేరే పేమెంట్ సంస్థ దూరితే ఆ రక్షణ పోవచ్చు. బిల్లు రాగానే పూర్తిగా తీర్చేయండి.

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. ఇంజన్‌ను పక్కనున్న సన్నని రెయిలింగులు పట్టుకుని ఎత్తకండి, విరుగుతాయి. బోగీలు తగిలించకుండా ముందుకు అరగంట, వెనక్కి అరగంట మధ్యస్థ వేగంతో నడపండి. కుదుపు, టక్ టక్ శబ్దం, ఒకే చోట ఆగిపోవడం గమనించండి. ఎప్పుడూ ఒకే చోట ఆగితే ముందు ఆ పట్టా తుడిచి చూడండి, లోపం ఇంజన్‌ది కాకపోవచ్చు. ఈ పరీక్ష అయ్యేదాకా విడిగా ఇచ్చే పైపులు, నేమ్ ప్లేట్లు జిగురుతో అంటించకండి. అంటించాక తిరిగి తీసుకోవడానికి షాపు పేచీ పెడుతుంది.