రైతు సందేహాలు: మూసుకుపోయిన కన్నం ఖాళీ కన్నం కాదు

ప్రశ్న: వరి గట్లలో పందికొక్కులు కన్నాలు పెట్టి పిలకలు కొరికేస్తున్నాయి. జింక్ ఫాస్ఫైడ్ ఎరను పది రోజుల తేడాతో రెండుసార్లు పెట్టాను. మొదటిసారి కొన్ని చచ్చాయి, రెండోసారి ఎరను ముట్టనే లేదు. మట్టితో మూసుకుపోయిన కన్నాలను ఖాళీవనుకుని వదిలేశాను. చచ్చిన వాటి కన్నాలు కూడా మళ్లీ తెరుచుకుంటున్నాయి. మందు నకిలీదా? మందుల దుకాణంలో మోతాదు రెట్టింపు చేయమంటున్నారు.

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి తప్పు మందుది కాదు, వాడిన పద్ధతిది. పందికొక్కు బొరియలోకి చేరాక పాము, ముంగిస వంటివి వెంట రాకుండా కన్నం ముఖాన్ని లోపలి నుంచి మట్టితో బిగించుకుంటుంది. కన్నం ముందు తడి ఆరని మట్టి బెడ్డలు కుప్పగా పడి, ముఖం మూసి ఉంటే జంతువు లోపలే ఉందని అర్థం. అంటే మీరు కాపురం ఉన్న బొరియలను వదిలిపెట్టి, వదిలేసిన వాటిలో ఎర పెట్టి ఉంటారు. పైగా ఒకే బొరియకు పలు కన్నాలుంటాయి; వాటిలో కొన్నింటిని గట్టుకు అవతలి వైపు గడ్డి మాటున పలుచని మట్టి పొరతో కప్పి ఉంచి, ప్రమాదం వచ్చినప్పుడు ఆ పొరను తలతో నెట్టుకుని పారిపోతుంది. కనుక కన్నాలను లెక్కపెట్టి పందికొక్కుల సంఖ్య అంచనా వేయకండి. పొగ పెట్టేవారు కూడా ముందుగా ఈ దొంగదారులను వెతికి మూయకపోతే శ్రమ వృథా అవుతుంది.

చచ్చిన వాటి కన్నాలు మళ్లీ తెరుచుకోవడానికి కారణం వేరు. పిల్లల తల్లిని మినహాయిస్తే సాధారణంగా ఒక బొరియలో ఒకటే ఉంటుంది. మరొకటి చొరబడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ కలబడుతుంది. యజమాని చచ్చిపోతే అడ్డుకునేది ఉండదు కాబట్టి, పక్క పొలంలోది వచ్చి తవ్వి ఉన్న బొరియలో చేరిపోతుంది. మీరొక్కరే మందు పెట్టినంత కాలం ఈ రాకపోకలు ఆగవు; చుట్టుపక్కల పొలాల వారందరూ ఒకే రోజు ఎర పెట్టాలి.

ఇక జింక్ ఫాస్ఫైడ్ విషయం. ఎలుక జాతి కొత్త ఆహారాన్ని అనుమానంతో కొద్దిగా మాత్రమే రుచి చూస్తుంది. ఈ మందు బాధ కొన్ని గంటల్లోనే మొదలవుతుంది కాబట్టి, చావకుండా మిగిలినది ఆ రుచిని గుర్తుంచుకుని తిరిగి ముట్టదు. అందుకే మందు లేని ఎరను రెండు రోజులు అలవాటు చేసి, మూడో రోజు మాత్రమే మందు ఎర పెట్టాలి; పంట కాలంలో ఒక్కసారికి మించి వాడరాదు. మీరు రెండోసారి పెట్టడమే పొరపాటు. మోతాదు రెట్టింపు చేస్తే ఘాటు పెరిగి మరింత దూరంగా ఉంటాయి తప్ప చావవు. పందికొక్కు ఎర ఎందుకు వదిలేసిందో ఒక్క ప్రశ్నైనా వేయకుండా మరో ప్యాకెట్టు చేతిలో పెట్టే దుకాణదారు సలహాకు మీరు విలువ ఇవ్వనవసరం లేదు. పురుగుమందు గుళికలను ఎరలో కలపమని చెప్పేవారు కూడా ఉన్నారు. అది పక్షులకు, పశువులకు, మీకూ ప్రమాదం.

ఇప్పుడు బ్రోమోడయోలోన్ అనే మరో ఎలుకల మందు వాడండి. దీని ప్రభావం కొన్ని రోజుల తరువాతే కనబడుతుంది కనుక పందికొక్కుకు ఎరపై అనుమానం రాదు. నూకలు 960 గ్రాములు, వంటనూనె 20 గ్రాములు, 0.25 శాతం మందు పొడి 20 గ్రాములు కర్రతో కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లాలు కట్టాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి. మొదటి రోజు సాయంత్రం కన్నాలన్నీ మూయండి. మరునాడు ఉదయం తెరిచినవి, తాజా మట్టి బయటకు నెట్టినవి మాత్రమే కాపురం ఉన్న బొరియలు. ముఖానికి బిగించిన మట్టిని కర్రతో తొలగించి, పొట్లాన్ని వీలైనంత లోపలికి నెట్టాలి. పది రోజుల తరువాత అన్నింటినీ మళ్లీ మూసి, తెరుచుకున్న వాటిలో మాత్రమే మరోసారి పెట్టండి. ఇదంతా చిరుపొట్ట దశకు (వెన్ను కాండం లోపల ఏర్పడే దశ) ముందే పూర్తి కావాలి, ఎందుకంటే గింజ పట్టాక ఎర కంటే వెన్నే వాటికి ఇష్టం.

వెడల్పైన, ఎత్తైన గట్లు బొరియలకు అనుకూలం. తదుపరి పంటకు ముందు గట్లను ఎత్తు, వెడల్పు 30 సెంటీమీటర్లకు మించకుండా చెక్కి, గడ్డి తీసివేయండి. చచ్చినవి బయట కనబడితే గుడ్లగూబలు, కుక్కలు తినకముందే లోతుగా పాతిపెట్టండి.