నిలకడగా పారే నీటికి త్వరణం ఎక్కడిది?

(లెక్కల మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీలో ఇంగ్లీషు. బీఎస్సీ మ్యాథ్స్ అయ్యాక పగలు ట్యూషన్లు చెప్పుకుంటూ రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ కోర్సు చేస్తున్నాను. మూడో వారంలో ఆగిపోయాను. స్టెడీ ఫ్లో అంటే కాలంతో మారని ప్రవాహం అన్నారు. ఆ వెంటనే అందులో నీటికి త్వరణం ఉంటుందన్నారు. మారని దానికి త్వరణం ఏమిటండీ? వీడియో నాలుగుసార్లు చూశాను. అసైన్‌మెంట్ గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఎమ్మెస్సీలో నేనూ సరిగ్గా అక్కడే ఆగాను. అప్పట్లో అడగడానికి మొహమాటపడి, సూత్రం బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కాను. అర్థమైంది మాత్రం పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఆరేళ్లకు, పర్లాకిమిడి దగ్గర మా అత్తవారి ఊళ్లో.

వరి పొలాలకు నీళ్లు వదిలిన రోజులు. కాలువ గట్టు మీద కూర్చున్నాను. మా బావమరిది కూతురు చేటలో ఊక తెచ్చి గుప్పెడు గుప్పెడుగా నీళ్లలో చల్లుతోంది. కల్వర్టు దగ్గర రెండు రాతిగోడల మధ్య కాలువ ఇరుకవుతుంది. ముందు నా చూపు గోడ మీది ఒక పగులు దగ్గర నిలిపాను. ఆ పగులు పక్కనుంచి పోయే ఊక అంతా ఒకటే వేగంతో పోతోంది. పది నిమిషాలు చూసినా అంతే. తర్వాత ఒక్క ఊకపొట్టును పట్టుకుని దాని వెంటే చూపు నడిపాను. అది వెడల్పు కాలువలో తీరుబడిగా వచ్చింది, ఇరుకు మొదలవగానే వడి అందుకుంది, కల్వర్టు కిందకు చటుక్కున దూరిపోయింది.

నీ సందేహానికి జవాబు ఆ రెండు చూపుల్లోనే ఉందమ్మా. పగులు దగ్గర నిలబడి చూసేది ఆయిలర్ పద్ధతి. ఊకపొట్టు వెంట పోయేది లగ్రాంజ్ పద్ధతి. రెండూ గణితవేత్తల పేర్లే. స్టెడీ అన్న మాట పగులు దగ్గర నిలబడ్డవాడిది. త్వరణం ఊకపొట్టు అనుభవించేది. న్యూటన్ నియమం పదార్థానికి వర్తిస్తుంది కాబట్టి మనకు కావలసింది ఊకపొట్టు త్వరణమే.

ఇప్పుడు లెక్క. నాలుగు మీటర్ల వెడల్పున్న కాలువ రెండు మీటర్లకు ఇరుకైందనుకో, లోతు మారలేదు. ఎంత నీరు వస్తే అంత నీరూ పోవాలి కాబట్టి వేగం రెట్టింపవుతుంది. సెకనుకు 0.5 మీటరు ఉన్నది 1 మీటరైంది. ఈ పెరుగుదల 10 మీటర్ల దూరంలో సమంగా జరిగిందనుకుంటే, మీటరు ముందుకెళ్తే వేగం 0.05 పెరుగుతుంది. ఊకపొట్టు సెకనులో ఎన్ని మీటర్లు పోతుందో దాన్ని ఈ 0.05తో గుణించు, అదే త్వరణం. ఇరుకు మొదట్లో 0.025, చివర 0.05. కాలంతో నేరుగా వచ్చే మార్పు సున్నా, చోటు మారడం వల్ల వచ్చింది మిగిలింది. మీ కోర్సులో మెటీరియల్ డెరివేటివ్ అనేది ఈ రెండింటి మొత్తమే. డిగ్రీలో చదివిన చైన్ రూల్ తప్ప ఇందులో కొత్తేమీ లేదు.

ఇక్కడ ఇంకొక్క నిమిషం ఆగు. వేగాన్ని మళ్లీ వేగం మార్పుతోనే గుణించాం, చూశావా? సమీకరణం నాన్‌లీనియర్ అయ్యేది, అంటే వేగం రెట్టింపైతే ఫలితం కూడా రెట్టింపే అనలేనిది అయ్యేది, ఈ గుణకారం వల్లే. ఆయిలర్ 1757లో జిగట లేని ద్రవానికి సమీకరణాలు అచ్చువేశాడు. 1822లో నావియర్, 1845లో స్టోక్స్ అందులోకి జిగటను తెచ్చారు. మూడు కొలతల్లో ఆ సమీకరణాలకు ఎప్పుడూ నున్నని (ఎక్కడా తెగని, అనంతానికి ఎగబాకని) పరిష్కారం ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు. 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ దానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. నిన్ను ఆపిన ఈ గుణకారపు పదమే (టర్మ్) అంత పెద్దవాళ్లనీ ఆపింది తల్లీ, నువ్వు దిగులుపడకు.

రాబోయే వారాల్లో నిడుపాటి గొట్టంలో ప్రవాహం వస్తుంది. అక్కడ నెమ్మదిగా పారే నీటికి గొట్టం పొడవునా వేగం మారదు కాబట్టి ఈ పదం సున్నా అయిపోతుంది, లెక్క చేతికి చిక్కుతుంది. రక్తప్రసరణ మీద ఆసక్తితో పాజొయి అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేసి కనుక్కున్న ఫలితం అది. ఒత్తిడి తేడా అంతే ఉంచి గొట్టం వ్యాసాన్ని సగం చేస్తే నీరు పదహారో వంతే వస్తుంది. సగాన్ని నాలుగుసార్లు గుణిస్తేనే పదహారో వంతు. ఆ నాలుగో ఘాతం ఎక్కడ పుట్టిందో నువ్వే ఇంటిగ్రేట్ చేసి చూడు, ఎవరి నోట్సూ చూడకు.

ఒక మాట మటుకు విను. ప్రతి వీడియో అయ్యాక అందులోని ముఖ్యమైన సమీకరణాన్ని మీ అమ్మగారికి చెబుతున్నట్టు నాలుగు తెలుగు వాక్యాల్లో రాసుకో. వాడుక మాటలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది మన పర్లాకిమిడిలో ఉంటూనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసేదాకా ఆయన అక్కడే ఉన్నారు. మన మాటలో చెప్పలేకపోయిన సమీకరణం మనకు ఇంకా రాలేదన్నట్టే. నా అనుభవంలో ఇది ఒక్కసారీ తప్పలేదు.

ఇది చేసి పంపు: మూడు మీటర్ల కాలువ, అదే లోతుతో 8 మీటర్ల దూరంలో ఒక మీటరుకు ఇరుకైంది. మొదట వేగం 0.4, పెరుగుదల సమంగా ఉంది. రెండు చివర్లా త్వరణం ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ఇలాంటి కోర్సే చేస్తానంటున్నాడు. పరీక్ష కూడా ఇంట్లోనే రాయొచ్చా?
- ఒక తండ్రి, రాయగడ

జవాబు: లేదండీ, సెంటరుకు వెళ్లి రాయాలి. చేరడానికీ పాఠాలు వినడానికీ డబ్బు కట్టక్కర్లేదు, పరీక్షకు ఫీజు ఉంటుంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. పన్నెండు వారాల కోర్సులో బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రెండూ వస్తేనే సర్టిఫికెట్. పరీక్ష ఊరిని రిజిస్ట్రేషన్‌లోనే ఎంచుకోవాలి, దగ్గరి సెంటరు కోసం ఆలస్యం చేయకుండా కట్టించండి. కొన్ని కోర్సులకు పాఠాల రాతప్రతి తెలుగులో కూడా ఉంటుంది, కోర్సు పేజీలో వెతికి చూడమనండి.